పడక్కుర్చీ చెప్పిన సంగతి

మా అమ్మకి అబద్ధం చెప్పడం రాదని ముప్ఫై ఆరేళ్లుగా నా నమ్మకం. మొన్న సంక్రాంతికి ఆ నమ్మకం కాస్తా పోయింది. పోగొట్టింది మరెవరో కాదు, అగ్గిపెట్టెంత కెమెరా ఒకటి.

ఎండాకాలంలో ఇల్లు చల్లగా ఉండాలంటే ఏం చేయాలో ఓ కథనం రాయమన్నారు ఆఫీసులో. డాబా మీద సున్నం పూస్తే ఎంత తేడా వస్తుంది, రేకుల కప్పు ఎంత కాలుతుంది లాంటివి కళ్లతో చూసి రాస్తే బాగుంటుందనిపించింది. మావారి స్నేహితుడొకాయన్ని అడిగి థర్మల్ కెమెరా తెచ్చుకున్నాను. ఆయన ఫ్యాక్టరీల్లో కరెంటు ప్యానెళ్లు తనిఖీ చేస్తుంటారు. లోపల ఎక్కడైనా స్క్రూ వదులైతే ఆ చోటు వేడెక్కుతుంది. పైకేమీ కనపడదు. ఈ కెమెరాలో చూస్తే మాత్రం నిప్పుకణికలా మెరుస్తుంది. సెల్‌ఫోనుకి ఛార్జర్ గుచ్చేచోట దీన్ని గుచ్చితే చాలు, తెరమీద లోకం రంగులే మారిపోతాయి. వేడిగా ఉన్నవన్నీ పసుపు, తెలుపు. చల్లగా ఉన్నవి నీలం, నలుపు.

''జాగ్రత్తమ్మా, పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి'' అని మరీమరీ చెప్పి ఇచ్చారాయన.

పండక్కి తెనాలిలో మా పుట్టింటికి వెళ్లాం. బ్యాగులోంచి దాన్ని బయటికి తీసిన ఐదు నిమిషాలకి అది పిల్లల చేతిలోనే ఉంది!

మా అన్నయ్య కొడుకు ఏడో తరగతి. మా అమ్మాయి ఐదు. ఇద్దరూ ఒకరినొకరు కెమెరాలో చూసుకుని, ముక్కులు నీలంగా బుగ్గలు పసుపుగా ఉన్నాయని కాసేపు నవ్వుకున్నారు. తర్వాత మావాడికి అసలు సందేహం వచ్చింది.

''అత్తా, దీనికి కనపడకుండా దాక్కోవచ్చా?''

''ఏమోరా, ప్రయత్నించి చూడు.''

''దాక్కుంటే?''

''మీ నానమ్మ చేసిన అరిసెలు రెండు ఎక్కువ.''

అదిగో, అలా మొదలైంది. మూడ్రోజులపాటు ఇంట్లో ఉన్న దుప్పట్లు, గొడుగులు, గోనె సంచులు, వంటింటి సామాను, చివరికి నేను పనిచేసే పత్రిక ఆదివారం అనుబంధంతో సహా, అన్నీ పరీక్షకి నిలబడ్డాయి.

ఎరుపుకి అవతల

మనకి కనపడనిది ఈ కెమెరాకి ఎలా కనపడుతుంది? దీని వెనక రెండు శతాబ్దాల కథ ఉంది. విలియం హెర్షెల్ పేరు వినే ఉంటారు. 1781లో యురేనస్ గ్రహాన్ని కనిపెట్టిన ఖగోళ శాస్త్రవేత్త. 1800లో ఆయన ఎండని గాజు పట్టకంలోంచి పంపి, విడిపోయిన రంగుల్లో దేనికెంత వేడి ఉందో థర్మామీటర్లతో కొలిచాడు. వంకాయరంగు నుంచి ఎరుపు వైపు వెళ్లేకొద్దీ వేడి పెరిగింది. ఎరుపు దాటి, ఏ రంగూ లేని ఖాళీ చోట పెట్టిన థర్మామీటర్‌లో ఇంకా పెరిగింది! కంటికి కనపడని కిరణాలేవో అక్కడ ఉన్నాయన్నమాట. వాటినే పరారుణ కిరణాలంటున్నాం.

ఈ కిరణాలు సూర్యుడికే పరిమితం కాదు. గోడ, చెట్టు, పిల్లి, మంచుగడ్డ... కాస్తో కూస్తో వేడి ఉన్న ప్రతి వస్తువూ వీటిని వెదజల్లుతూనే ఉంటుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి వెలువడే వేడి దాదాపు వంద వాట్లు. అంటే మనమంతా పాతకాలం వంద వాట్ల బల్బులమే. కాకపోతే ఆ వెలుగు మన కళ్లకి అందదు. కంటికి కనపడే వెలుతురు అలల పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన ఒంటి వేడి కిరణాలు దాదాపు 10 మైక్రాన్ల దగ్గర ఎక్కువగా ఉంటాయి. థర్మల్ కెమెరా 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య ఉన్న వాటిని పట్టుకుని బొమ్మ గీస్తుంది. దానికి దీపం అక్కర్లేదు. అమావాస్య రాత్రయినా ఒకటే, పౌర్ణమి అయినా ఒకటే.

దుప్పటి ఓడింది, గాజు గెలిచింది

మొదట దుప్పటి. మావాడు నిండా ముసుగేసుకుని కూర్చున్నాడు. తెరమీద నీలం ముద్ద తప్ప ఏమీ లేదు. ''గెలిచా!'' అని అరిచేలోపే భుజాల దగ్గర పసుపు మచ్చలు తేలాయి. నిమిషం తిరిగేసరికి వాడి మోకాళ్లు, మోచేతులు, తల, ఎక్కడెక్కడ బట్ట ఒంటికి ఆనిందో అక్కడల్లా బొమ్మ కట్టేసింది. కెమెరా దుప్పటిలోంచి చూడదు. దుప్పటి పై భాగాన్నే చూస్తుంది. వాడే దాన్ని లోపల్నుంచి వేడెక్కించాడు.

తర్వాత మా నాయనమ్మ కాలంనాటి బొంత. ఇది బాగానే ఆగింది. ఐదారు నిమిషాలు గడిచాక గానీ మచ్చలు రాలేదు. కానీ లోపలున్నవాడికి ఉక్క, ఊపిరాడదు. గాలి కోసం అంచు ఎత్తగానే ఆ సందులోంచి వెచ్చని ఊపిరి తగిలి నేలమీద చాప మెరిసింది. దొరికిపోయాడు.

మా అమ్మాయి తెలివిగా ఆలోచించింది. నల్లటి చెత్త కవరు తెచ్చి అందులో చేయి పెట్టింది. మన కంటికి చేయి కనపడదు. కెమెరాలో మాత్రం ఐదు వేళ్లూ, చేతి గాజుతో సహా కవరే లేనట్టు కనిపించాయి! పల్చటి పాలిథిన్ ఆ కిరణాలని దాదాపు ఆపదు. రంగుతో దానికి పనిలేదు.

దానికి సరిగ్గా ఎదురు గాజు. పిల్ల కిటికీ అద్దం వెనక నిలబడి నాలుక బయటపెట్టి వెక్కిరిస్తోంది. నా కళ్లకి నాలుకతో సహా కనపడుతోంది. తెరమీద పిల్ల లేదు. గాజు పలక, దాంట్లో మసకగా నా నీడే! మామూలు కిటికీ గాజు ఆ కిరణాలని పోనివ్వదు. అందుకే ఈ కెమెరాల కటకాలని గాజుతో చేయరు. జెర్మేనియం అనే మూలకంతో చేస్తారు. కంటికి అడ్డంలేనిది కెమెరాకి గోడ, కంటికి గోడలాంటిది కెమెరాకి తెరిచిన తలుపు. ఈ తమాషా చూడ్డానికి పక్కింటి పిల్లలు కూడా చేరారు.

ఆ తర్వాత పరీక్షలు జోరందుకున్నాయి. గోనె సంచి దుప్పటిలాగే ఓడింది. థర్మోకోల్ అట్ట బాగా ఆపింది గానీ, వెనకున్నవాడు కాస్త కదిలితే అంచులోంచి చెవి బయటపడింది. ఒంటికి దూరంగా పట్టుకున్న గొడుగూ పరవాలేదు. నీళ్లలో ముంచి పిండిన దుప్పటి కప్పుకుంటే, తడి ఆరుతూ చల్లబడి గోడకంటే నల్లగా కనిపించింది. పసుపు బొమ్మ బదులు నల్ల బొమ్మ! దాక్కున్నట్టే లేదు. పైగా జనవరి చలిలో తడి దుప్పటేమిటని అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. ముప్ఫై ఆరేళ్లొచ్చినా నాకే! మా ఆదివారం అనుబంధం సంగతి అడగకండి. అర నిమిషం కూడా ఆగలేదు.

బిందె చేసిన మోసం

భోగి నాటి సాయంత్రం చిన్న ప్రమాదం తప్పింది. అమ్మ పండక్కని చింతపండుతో తోమి తళతళలాడించిన ఇత్తడి బిందెలో కాగిన నీళ్లు పోసి, స్నానానికని పెరట్లో పెట్టింది. మావాడు కెమెరాలో చూసి, ''చల్లగానే ఉందత్తా'' అంటూ చేయి వేయబోయాడు. అమ్మ గభాల్న వాడి చెయ్యి లాగింది. తెరమీద బిందె గోడ రంగులోనే ఉంది మరి. చెయ్యి వేసి ఉంటే బొబ్బలెక్కేది.

ఇది కెమెరా తప్పు కాదు. మెరుగు పెట్టిన లోహం తన వేడిని కిరణాల రూపంలో చాలా తక్కువగా వదులుతుంది. చుట్టూ ఉన్న వాటి కిరణాలని మాత్రం అద్దంలా తిప్పికొడుతుంది. బిందె మీద ఉన్న ''చల్లదనం'' నిజానికి పెరటి గోడది. అదే బిందె మీద ఓ ముక్క కరెంటు టేపు అంటిస్తే, ఆ ముక్క మాత్రం తెల్లగా మెరిసిపోయింది. పక్కనే మసిపట్టిన పాత కాగు ఉంది. దానిలో ఉన్నవీ అవే నీళ్లు. అది నిజం చెప్పేసింది. తోమిన బిందె దాచింది, మసికాగు దాచలేదు.

వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిలూ అంతే. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1964లో పల్చటి ప్లాస్టిక్ మీద లోహం పూత వేసిన మెరుపు దుప్పటిని తయారుచేసింది. ఒంటి వేడిని తిరిగి ఒంటికే కొట్టే దుప్పటి అది. ఇప్పుడు వరద బాధితులకీ, మారథాన్ పరుగు ముగించినవాళ్లకీ కప్పుతున్నది దాన్నే. ఫాయిలు కప్పుకున్న మావాడు డాబా ఎక్కితే గెలిచాడా? లేదు. అది ఆకాశాన్ని ప్రతిఫలించింది. రాత్రి నిర్మలాకాశం ఈ కెమెరాకి గడ్డకట్టినంత చల్లగా కనిపిస్తుంది. దాంతో వెచ్చటి డాబా మీద మనిషంత నల్లటి కన్నం! అంత వింత వస్తువుని ఎవరైనా ముందు చూస్తారు.

మూడ్రోజుల పరీక్షల సారం ఇదే. దాక్కోవడమంటే చల్లబడటం కాదు. పక్కనున్నవాటిలో కలిసిపోవడం. పక్కనున్నవేమో గంటగంటకీ మారతాయి. పగలు కాలిన గోడ రాత్రికి చల్లారుతుంది. చెట్టు త్వరగా చల్లబడుతుంది, బండరాయి నిదానంగా చల్లబడుతుంది. పొద్దుటా సాయంత్రమూ ఒక్కోసారి అన్నీ ఒకే వేడికి వచ్చి, కెమెరాకి ఏదీ సరిగా తెలియని ఘడియలుంటాయి. మళ్లీ విడిపోతాయి.

సైన్యాలకి ఇది పిల్లలాట కాదు. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాలల్లో రూపుదిద్దుకున్న 'నాగ్' క్షిపణి శత్రువు ట్యాంకుని దాని వేడి బొమ్మతోనే గుర్తుపడుతుంది. రాజస్థాన్ ఎడారిలో మండు వేసవిలో ఇసుక కూడా ట్యాంకుతో సమానంగా కాలిపోతుంటే ఏది ఏదో పోల్చుకోవడం, మన శాస్త్రవేత్తలు ఎదుర్కొన్న చిక్కుల్లో ఒకటి. 2013 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేల్చిన ఇద్దరిలో ఒకడు, వాటర్‌టౌన్‌లో ఓ ఇంటి పెరట్లో ప్లాస్టిక్ కవరు కప్పిన పడవలో దాక్కున్నాడు. పైన ఎగురుతున్న పోలీసు హెలికాప్టర్‌లోని థర్మల్ కెమెరాకి కవరు కింద మనిషి ఆకారం స్పష్టంగా కనిపించింది. మా అమ్మాయి చెత్త కవరు గుర్తొచ్చిందా?

మరి గెలిచినవాళ్లే లేరా అంటే, ధ్రువపు ఎలుగుబంటి ఉంది. దట్టమైన బొచ్చు, దానికింద కొవ్వు. ఒంటి వేడి బయటికే రాదు. మంచులో ముఖం తప్ప మిగతా ఒళ్లంతా కెమెరాకి దాదాపు కనపడదు. ఇటు కెమెరా పని చేసే జీవాలూ ఉన్నాయి. మన తూర్పు కనుమల్లో ఉండే వెదురు పిట్ వైపర్ లాంటి పాములకి కంటికీ ముక్కుకీ మధ్య చిన్న గుంట ఉంటుంది. దాంతో చీకట్లో ఎలుక ఒంటి వేడిని పసిగడతాయి. మన పొలాల్లో తిరిగే రక్తపింజరికి ఆ గుంట లేదు.

వాలుకుర్చీలో వెలుగు

సంక్రాంతి తెల్లవారుజామున ఐదు గంటలకి మెలకువ వచ్చింది. బయట నీళ్లు చల్లుతున్న చప్పుడు. అమ్మ ముగ్గుకి సిద్ధమవుతోంది. తెల్లవారకముందు ఇల్లు కెమెరాలో ఎలా ఉంటుందో నాలుగు ఫొటోలు తీద్దామని ఫోను పట్టుకుని లేచాను. హాల్లో నేలమీద పిల్లలు, అన్నయ్య, వదిన వరసగా పసుపు ముద్దలు. నేను లేచొచ్చిన పరుపు మీద నా ఆకారం. అమ్మ గదిలోకి తిప్పాను.

మంచం నీలంగా ఉంది. గోడలాగే, నేలలాగే. దిండు, దుప్పటి అన్నీ ఒకటే రంగు.

ఇప్పుడే లేచింది కదా, అప్పుడే చల్లారిపోయిందా అనుకుంటూ వసారాలోకి వచ్చాను. అక్కడ నాన్న పడక్కుర్చీ ఉంది. దాని కాన్వాసు గుడ్డ మీద ఒక వీపు, రెండు చేతులు, తల ఆనిన చోట గుండ్రంగా ఓ పసుపు మచ్చ. చూస్తుండగానే కొద్దికొద్దిగా మాసిపోతోంది. రెండు నిమిషాల్లో కుర్చీ కూడా నీలమైపోయింది.

వెనక్కి వెళ్లి నా పరుపు చూశాను. నేను లేచి పావుగంట దాటింది. ఇంకా లేత రంగు మిగిలే ఉంది. రాత్రంతా మనిషి పడుకున్న దూది పరుపు అంత తొందరగా చల్లారదు. మరి అమ్మ మంచం?

నాన్న పోయి అప్పటికి ఏడాదిన్నర. ఆయన పేపరు చదివింది, కాఫీ తాగింది, మధ్యాహ్నం కునుకు తీసింది ఆ కుర్చీలోనే. ''నిద్ర పడుతోందా అమ్మా?'' అని నేను ఫోన్లో అడగని రోజు లేదు. ''ఆఁ, శుభ్రంగా పడుతోందే. తొమ్మిదింటికి మంచమెక్కితే మళ్లీ ఐదింటికే'' అనేది. ఏడాదిన్నరగా అదే మాట.

ముగ్గు వేస్తున్న అమ్మని గుమ్మంలోంచి చూస్తూ నిలబడిపోయాను. గొంతులో ఏదో అడ్డం పడింది. దానితోపాటే తప్పు చేసినట్టు కూడా అనిపించింది. అమెరికాలో 2001లో కైలో అనే వ్యక్తి కేసు ఒకటి సుప్రీంకోర్టుకి వెళ్లింది. పోలీసులు వీధిలోంచే ఆయన ఇంటి గోడల వేడిని థర్మల్ కెమెరాతో కొలిచి, లోపల గంజాయి మొక్కలకి పెద్ద దీపాలు వాడుతున్నాడని ఊహించారు. వారెంటు లేకుండా అలా చూడటం కూడా ఇల్లు సోదా చేయడమేనని 5-4 తేడాతో కోర్టు చెప్పింది. ఇంటావిడ రాత్రి ఎన్నింటికి స్నానం చేస్తుందో కూడా ఇలాంటి యంత్రం బయటపెట్టగలదని తీర్పులో ప్రస్తావించారు. మన సుప్రీంకోర్టు కూడా 2017 ఆగస్టులో గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. మరి నేను? అమ్మ ఎవరికీ చెప్పకూడదనుకున్న రాత్రుల్లోకి కెమెరా పట్టుకుని చొరబడ్డానన్నమాట.

అందుకే అమ్మనేమీ అడగలేదు. అన్నయ్యకి మాత్రం చెప్పాను. వాడి కళ్లూ చెమ్మగిల్లాయి. ''ఆ కుర్చీ చూసినప్పుడల్లా నాన్న గుర్తొస్తాడు కదే. అది ఉన్నంతకాలం అమ్మ ఇంతే'' అన్నాడు. కనుమ రోజు భోజనాలయ్యాక ఇద్దరం ఓ నిర్ణయానికొచ్చాం. కుర్చీని అటకెక్కించేయాలి. వీలైతే అమ్మని కొన్నాళ్లు హైదరాబాద్ తీసుకెళ్లాలి. ప్రేమకొద్దీ చేసిన ఆలోచనే. ఎంత తప్పు ఆలోచనో ఇంకో పది నిమిషాల్లో తెలిసింది.

ఎన్ని దిండ్లు?

అన్నయ్య కుర్చీ మడతపెడుతుంటే అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

''అదెందుకురా తీస్తున్నావు?''

''పైన పెడదామమ్మా. ఊరికే అడ్డంగా ఉంది.''

''అడ్డమేముంది? ఉండనీ.''

''నాన్న గుర్తుకొస్తున్నాడని రాత్రంతా ఇందులోనే కూర్చుంటున్నావట కదా. ఎన్నాళ్లమ్మా ఇలాగ?''

అమ్మ నావైపు చూసింది. కెమెరా సంగతి అర్థమైనట్టుంది. కొంగుతో ముఖం తుడుచుకుని నెమ్మదిగా అంది.

''మీ నాన్న గుర్తుకు రావడానికి కుర్చీ ఎందుకురా? అది తీసేస్తే నేనెక్కడ పడుకోను? మంచం మీద వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదు. ఇందులో అయితే కాస్త నయంగా ఉంటుంది.''

ఇద్దరం కొయ్యబారిపోయాం.

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. దసరా నుంచీ అలాగే ఉందట. మొదట రెండు దిండ్లు పెట్టుకుందట. తర్వాత మూడు. కార్తీకమాసం వచ్చేసరికి మంచం వదిలేసి కుర్చీకి మారిందట. ఒక్కోసారి అర్ధరాత్రి ఉక్కిరిబిక్కిరై లేచి వసారాలోకి వచ్చి నిలబడేదట. సాయంత్రానికి కాళ్లు వాస్తే ''పట్టీలు బిగుతయ్యాయి'' అని తీసి బీరువాలో పెట్టేసిందట. చీర అంచు కింద ఆ వాపు మాకు కనపడలేదు. మూడ్రోజులు నా కెమెరాతో ఇల్లంతా వెతికాను, అదీ కనిపెట్టలేదు.

''ఎందుకు చెప్పలేదమ్మా?''

''చెబితే పనులు మానుకుని పరిగెత్తుకొస్తారు. పండక్కి ఎలాగూ వస్తారుగా, వచ్చినప్పుడు చూద్దాంలే అనుకున్నా. వచ్చాక పండగపూట ఎందుకులే అనుకున్నా.''

మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన స్టెతస్కోపు పెట్టకముందే అడిగిన మొదటి ప్రశ్న: ''రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటారమ్మా?'' నేను ఆశ్చర్యపోయాను. గుండె జబ్బుల డాక్టర్లు చాలాకాలంగా అడిగే ప్రశ్నేనట అది. ఈసీజీ తీశారు, ఎక్స్‌రే తీశారు, ఎకో చేశారు. ఏళ్ల తరబడి ఉన్న బీపీ వల్ల గుండె కండరం బలహీనపడి, పంపింగ్ తగ్గిందన్నారు.

పడుకుంటే ఆయాసం ఎందుకొస్తుందో ఆయనే వివరించారు. కూర్చున్నప్పుడు కాళ్లలో, పొట్టలో నిలిచే రక్తం పడుకోగానే ఛాతీ వైపు మళ్లుతుంది. బలహీనమైన గుండె ఆ అదనపు భారాన్ని ముందుకి నెట్టలేదు. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి నీరు చేరుతుంది. లేచి కూర్చుంటే భారం కిందికి దిగుతుంది, ఊపిరి ఆడుతుంది. అమ్మ ఏ పుస్తకమూ చదవకుండానే తనకి తానుగా కనిపెట్టుకున్న వైద్యం, ఆ కుర్చీ. దాన్నే మేం అటకెక్కించబోయాం!

పడుకుంటే ఆయాసం వచ్చే ప్రతివాళ్లకీ గుండె జబ్బేనని కాదు. ఊపిరితిత్తుల సమస్య కావచ్చు, అధిక బరువూ కావచ్చు. కానీ పెద్దవాళ్లు ఒకదాని మీద ఒకటి దిండ్లు పెంచుకుంటున్నా, కూర్చుని నిద్రపోతున్నా, రాత్రివేళ ఊపిరాడక లేస్తున్నా, సాయంత్రానికి పాదాలు వాస్తున్నా, నాలుగు రోజుల్లోనే బరువు పెరిగినా అది వయసు వల్ల అని వదిలేయకూడదన్నారు డాక్టరుగారు. ''ఇంకో నెల ఆగి ఉంటే అర్ధరాత్రి అంబులెన్సులో వచ్చేవారు'' అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఒంట్లో నీరు తగ్గడానికి మాత్రలు, గుండెకి మాత్రలు, రోజూ పొద్దున్నే బరువు చూసుకుని కాగితం మీద రాయడం, ఉప్పు తగ్గించడం. ఈ చివరిది వినగానే అమ్మ ముఖం వాడిపోయింది. ''ఆవకాయ కూడా వద్దా?'' అనడిగింది. ''చూసి సంతోషించండమ్మా'' అన్నారాయన నవ్వుతూ. పది రోజులకి వాపు తగ్గింది. మూడు వారాలకి మంచం మీద పడుకోగలిగింది.

కెమెరా దాని యజమానికి క్షేమంగా చేరింది. దాన్ని పొగుడుతూ ఈ వ్యాసం రాయడం లేదు. అది జబ్బుని కనిపెట్టలేదు. జ్వరం ఎవరికుందో చూడ్డానికి 2020లో ప్రతి గుమ్మం దగ్గరా పెట్టిన థర్మల్ యంత్రాలలాగే, అదీ చర్మం పైపైన చూసి పోయేదే. బిందె విషయంలో తప్పు చెప్పింది. కుర్చీ విషయంలో నిజమే చెప్పింది గానీ, దాన్ని మేం తప్పుగా చదివాం. ''నాన్న మీద బెంగ'' అని మాకు తోచిన అర్థం ఇచ్చేసుకుని, కళ్లు తుడుచుకుని, అడగాల్సిన మాట అడక్కుండా ఊరుకున్నాం. సంక్రాంతి పొద్దున్న ముగ్గు దగ్గరే, ''అమ్మా, ఎందుకు కుర్చీలో పడుకుంటున్నావు?'' అని నేరుగా అడిగి ఉంటే ఒక రోజు ముందే తెలిసేది. బెంగ లేదని కాదు. అదీ ఉంది. కానీ బెంగ అనుకుని వదిలేస్తే ప్రాణం మీదకొచ్చే సంగతి దాని వెనకే నక్కి ఉంది.

పిల్లల పందెం తేలిందా అని అడుగుతున్నారా? మా మేనల్లుడు తీర్పు చెప్పాడు. ''అందరికంటే బాగా దాక్కున్నది నానమ్మే.'' రెండు అరిసెలూ ఆవిడకే ఇచ్చారు. ఆవిడ తిరిగి వాళ్లకే తినిపించింది.

నాన్న కుర్చీ వసారాలోనే ఉంది. మధ్యాహ్నం అమ్మ అందులో కూర్చుని పేపరు చదువుతుంది. నేను మాత్రం ''నిద్ర పడుతోందా?'' అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకి అమ్మ దగ్గర సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుందని తెలిసిపోయింది. రోజూ రాత్రి ఫోన్లో రెండే అడుగుతాను. పొద్దున బరువెంత? రాత్రి ఎన్ని దిండ్లు?

నిన్న రాత్రి ''ఒకటేనే'' అంది. ''నిజంగా?'' అన్నాను.

''కావాలంటే నీ కెమెరా పట్టుకుని వచ్చి చూసుకో'' అంది.

ఈ ఆదివారం తెనాలి వెళ్తున్నాను. కెమెరా లేకుండానే.